గోడకి ఉప్పు పొంగితే

పోయిన ఏడాది పాత్రపూర్‌లో ఇల్లు కొన్నాం. మాకు కొత్తిల్లే గానీ, కట్టి చాలా ఏళ్లయింది. రిజిస్ట్రేషన్ అయ్యాక నాన్న చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. అద్దె ఇంట్లో ఏది పాడైనా ఓనరు గారికి చెప్పేవాళ్లం. ఇప్పుడు ఓనరు గారు మేమే అని మొదటి వానకి తెలిసింది. హాల్లో మూల గోడ చెమ్మెక్కి, తెల్లగా ఉప్పు పొంగి, పెచ్చులు ఊడిపోయాయి.

నేనూ నాన్నా పుట్టీ పెట్టి రంగు వేశాం. 2,400 రూపాయలు అయింది. నెల తిరక్కుండా అదే మచ్చ, ఇంకా పెద్దదై వచ్చింది.

ఆ ఉప్పు గోడలోదే. ఇటుకలో, ఇసుకలో, సిమెంటులో ఉన్న లవణాలు నీళ్లలో కరిగి గోడ పైకి వస్తాయి. నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. రంగు వేస్తే దాని వెనకాలే చేరి, రంగునే బయటికి తోసేస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులపాలి.

అన్నిటికంటే ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడాలి. గోడ మీద ఒక ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి రెండ్రోజులు ఉంచండి. కవరు లోపలి వైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు పడితే అది గదిలోని తేమ, కిటికీలు తెరవాలి. మాకు లోపలే పడింది. మచ్చ పైనుంచి దిగుతోంది కాబట్టి మేడెక్కి చూశాం. తూములో ఆకులు అడ్డుపడి, పిట్టగోడ మొదట్లో సన్నటి పగులు!

మేస్త్రి 6,000 అడిగాడు. పక్కింటి తాతగారు ఒకప్పుడు ఆ పనే చేసేవారు. అమ్మ ఒడియాలో అడిగితే ఆయన తెలుగులో చెప్పారు. పగులుని ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్లు ఇసుక కలిపి మెత్తాం. నీళ్లు మూలలో నిలవకుండా వాలుగా, గుండ్రంగా దిద్దాం. ఖర్చు 340 రూపాయలు.

ఎండకి త్వరగా ఆరుతుందిలే అన్నాను. తాతగారు నవ్వి, "ఆరడం ఏటమ్మా, సిమెంటు తడితోనే గట్టిపడతాది" అన్నారు. నిజమే, సిమెంటు నీళ్లతో కలిసి మారి గట్టిపడుతుంది. ముందే ఎండిపోతే బీటలు వస్తాయి. అందుకే వారం రోజులు తడి గోనెసంచులు కప్పాం. కాలేజీకి వచ్చే ముందు వాటిని తడపడం నా డ్యూటీ.

తర్వాత ఆ మూల చుట్టూ మట్టికట్ట వేసి ఒక రోజంతా నీళ్లు నిలబెట్టాం. కింద ఒక్క చుక్క దిగలేదు. ఈ పరీక్ష మానొద్దు. మన గంజాంలో అక్టోబరు ఎలా ఉంటుందో తెలుసు కదా: 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే.

అన్నీ మనమే చేసేద్దాం అనుకోకండి. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వస్తే మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, మేమూ పిలిచాం. శ్లాబు పెచ్చులూడి తుప్పు ఊచలు కనిపిస్తే ఇంజనీరు చూడాల్సిందే.

గోడకి ఇంకా రంగు వెయ్యలేదు. లోపలి చెమ్మ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుందట. చుట్టాలొస్తే అమ్మ ఆ మూలకి కుర్చీ అడ్డం పెడుతోంది.