రక్తపరీక్షలో అంకె రోజుకోలా వస్తుందెందుకు?

ప్రశ్న: నాకు ఏ జబ్బూ లేదు. సోమవారం పొద్దున్నే థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది. గురువారం మధ్యాహ్నం చేయిస్తే 2.2. ఈ రెంటిలో ఏది నమ్మాలి?

రెండూ నిజమే కావచ్చు. మీ ఒంటినే గమనించండి. తెల్లవారుజామున కంటే సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది. మెట్లెక్కితే గుండె వేగం పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. దాన్నెవరూ జబ్బు అనరు. రక్తంలో ఉండే పదార్థాలూ అలాగే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అయితే ఆ మార్పు పైకి కనిపించదు, రిపోర్టు చేతికొచ్చాకే తెలుస్తుంది.

టీఎస్‌హెచ్ అంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోను. థైరాయిడ్ చేత పని చేయించేది ఇదే. రాత్రిపూట, అర్ధరాత్రి దాటాక, రక్తంలో ఇది ఎక్కువగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తగ్గుతూ మధ్యాహ్నానికి బాగా దిగుతుంది. కనుక మీ రెండు అంకెల మధ్య తేడాకు రోజు మారడం కంటే వేళ మారడమే పెద్ద కారణం అయి ఉండొచ్చు. కార్టిసాల్ అనే హార్మోను కూడా వేళను బట్టి మారుతుంది, అయితే అది పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ.

వేళ ఒక్కటే కాదు, మనం ఎలా ఉన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. పడుకున్న మనిషి లేచి నిలబడితే కాళ్లలోని రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. సన్నని నాళాల గోడల గుండా కొంత నీరు పక్కనున్న కండలోకి చేరుతుంది. రక్తకణాలు, ప్రొటీన్లు పెద్దవి కనుక అంత సులువుగా ఆ గోడలు దాటలేవు. నీరు ఇగిరితే పులుసు చిక్కబడ్డట్టు, రక్తం కూడా కొద్దిగా చిక్కబడుతుంది. అప్పుడు హిమోగ్లోబిన్, అల్బుమిన్ పెరిగినట్టు కనిపిస్తాయి. ప్రొటీన్లను అంటిపెట్టుకుని తిరిగే కాల్షియం, కొలెస్ట్రాల్ కూడా అంతే. నిజానికి ఒంట్లో కొత్తగా ఏదీ తయారవలేదు. ల్యాబ్‌కు నడిచి వెళ్లినవారు కాసేపు కూర్చుని రక్తం ఇవ్వడం మంచిదనేది ఇందుకే.

రక్తం తీసేటప్పుడు చేతికి రబ్బరు పట్టీ బిగించి, గుప్పెట మూయమంటారు. నరం దొరక్క అదేపనిగా గుప్పెట మూసి తెరుస్తూ ఉంటే చేతి కండల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది. ఒంట్లో పొటాషియం మామూలుగానే ఉన్నా సిరంజిలోకి వచ్చిన రక్తంలో ఎక్కువ చూపిస్తుంది. దీనికి తోడు, ఒకే రక్తాన్ని యంత్రంలో రెండుసార్లు పెట్టినా అంకెలో కొద్ది తేడా వస్తుంది.

అయితే అన్నీ ఒకేలా మారవు. సోడియం తేడా వస్తే కణాలు ఉబ్బడమో కుంచించుకుపోవడమో జరుగుతుంది, మెదడుకు అది ప్రమాదం. అందుకే దాహం, మూత్రపిండాలు కలిసి సోడియాన్ని గట్టిగా కాపాడతాయి. ఆరోగ్యవంతుడిలో ఆ అంకె రోజురోజుకూ ఒక శాతం అటూఇటూ కూడా కదలదు. ట్రైగ్లిజరైడ్లకు అంత కాపలా లేదు. పరగడుపున చూసినా రోజుకూ రోజుకూ 20 శాతం దాకా తేడా మామూలే. ఎర్రకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కనుక వాటిలో చక్కెర ఎంత అంటుకుందో చెప్పే హెచ్‌బీఏ1సీ మెల్లగా మారుతుంది.

రిపోర్టులో పక్కన ఉండే పరిధి గురించి కూడా చెప్పాలి. ఎక్కువ పరీక్షలకు, ఆరోగ్యవంతులు చాలామంది రక్తం చూసి, మధ్యనున్న 95 శాతం మంది అంకెల్ని పరిధిగా తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేని 20 మందిలో ఒకరు ఎలాగూ దాని బయటే ఉంటారు. ఒకేసారి ఇరవై పరీక్షలు చేయించుకున్న ఆరోగ్యవంతుడికి ఏదో ఒకటి గీత దాటే అవకాశమే ఎక్కువ. ఆ ఒక్క అంకె చూసి నిద్ర మానుకోనక్కర్లేదు, డాక్టరుకు చూపిస్తే అవసరమనుకుంటే మళ్లీ చేయిస్తారు.

పోల్చి చూడాలంటే అదే ల్యాబ్‌లో, అదే వేళకు, అలాగే పరగడుపున ఇవ్వండి. ట్రైగ్లిజరైడ్లు 130 నుంచి 145 అయితే అది రోజువారీ కదలికే. సోడియం 140 నుంచి 128కి పడితే మాత్రం అలా అనుకోకూడదు, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఒక మగమనిషి హిమోగ్లోబిన్ వరుస పరీక్షల్లో 16, 15, 13.8 అంటూ దిగుతూ వస్తే, ప్రతి అంకె పరిధిలోనే ఉన్నా, ఆ పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లి చూపించండి.