కర్పూరం చెట్లు కూల్చేస్తే వర్షారణ్యం తిరిగి రాదు

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఉత్తర కొసన, లిస్మోర్, బైరన్ బే, బల్లినా ఊళ్ళ నడుమ పాత పశువుల బీడు కొని అక్కడ మళ్ళీ అడవి పెంచాలనుకునేవాళ్ళకు అన్నిటికన్నా ముందు అందే సలహా ఒకటుంది. "కర్పూరం చెట్లన్నీ బుల్డోజర్‌తో పెకిలించెయ్యండి. నేల శుభ్రమయ్యాక స్థానిక మొక్కలు నాటుకోండి."

ఆ మాట విని చదును చేసిన వాలును ఒక్క పెద్దవాన వెలిసాక చూడండి. ఎర్రమట్టి చారలుచారలుగా కోసుకుపోయి, కింద వాగు ఎర్రగా పారుతుంటుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ లాంటానా కంప కమ్మేసి ఉంటుంది. దాని సందుల్లో మళ్ళీ కర్పూరం మొలకలే, ఈసారి మరింత వత్తుగా. డబ్బు పోయింది, మట్టి పోయింది, అడవి ఇంకో పదేళ్ళు వెనక్కి పోయింది. ఎన్నిసార్లు చెప్పినా ఈ సలహా ఆగడం లేదు గనక మొదటి నుంచీ చెప్పుకోవాలి.

అక్కడ ఒకప్పుడు 75,000 హెక్టార్ల వర్షారణ్యం ఉండేది. బండ్జలంగ్ ప్రజల నేల అది. వలస వచ్చిన తెల్లవాళ్ళు దాన్ని బిగ్ స్క్రబ్ అన్నారు. 1840ల్లో రెడ్ సెడార్ కలప కోసం గొడ్డళ్ళు దిగాయి. 1861 భూచట్టం తర్వాత భూములు తీసుకున్న రైతులు మిగిలింది కొట్టి బీళ్ళు చేశారు. 1900 నాటికి దాదాపు అంతా అయిపోయింది. ఈరోజు ఒక్క శాతం కూడా లేదు, ఉన్నది కూడా ముక్కలుముక్కలుగా ఉంది. తర్వాత పాడి గిట్టుబాటు కాక బీళ్ళు వదిలేసినప్పుడు ఆ ఖాళీలోకి కర్పూరం చెట్టు వచ్చింది. చైనా, జపాన్ వైపు చెట్టు, 1822లో ఆస్ట్రేలియాకు అందం కోసం తెచ్చారు. మన హారతి కర్పూరం ఒకప్పుడు దీని చెక్క నుంచే తీసేవారు. ఇప్పుడు చాలామటుకు టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీల్లో తయారవుతోంది.

ఇది కలుపు చెట్టే, అందులో వాదన లేదు. కానీ దాని కింద ఏం జరుగుతోందో వంగి చూడాలి. అడవి కొట్టేశాక పండ్లు తినే పావురాలకు చలికాలంలో తిండి కరువైంది. ఆ రోజుల్లోనే నల్లగా పండే కర్పూరం కాయలు వాటికి ఆసరా అయ్యాయి. టాప్‌నాట్ పావురం, రంగురంగుల ఫ్రూట్ డవ్‌లు మిగిలిన అడవి ముక్కల్లో పండ్లు తిని, ఈ కొమ్మల మీద వాలి, ఆ గింజల్ని రెట్టలో ఇక్కడ వదులుతాయి. పైన నీడ ఉంది కాబట్టి బీడు గడ్డి ఎదగదు, గింజ బతుకుతుంది. ముప్ఫై నలభై ఏళ్ళ కర్పూరం తోపులో రాలిన ఆకుల్ని చేత్తో పక్కకు తీస్తే గుయోవా మొక్కలు, ఇంకా ఎన్నో స్థానిక జాతుల నారు మోకాలెత్తున కనిపిస్తాయి. గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్లా క్యాటరల్, జాన్ కనోవ్‌స్కీ బృందం ఇలాంటి తోపుల్ని పరిశీలించి ఈ సంగతే చెప్పింది. ఎవరూ పైసా ఖర్చు పెట్టకుండా పక్షులు పోసిన నారుమడి అది. బుల్డోజర్ ముందు నలిపేది దాన్నే.

అక్కడ చేయి తిరిగినవాళ్ళు చేసే పద్ధతి వేరు. కర్పూరం మానుకు చుట్టూ డ్రిల్‌తో రంధ్రాలు వేసి, వెంటనే కలుపుమందు పోస్తారు. చెట్టు నిలబడే చస్తుంది. ఆకు నెమ్మదిగా రాలుతూ వెలుతురు కొద్దికొద్దిగా దిగుతుంది, వేళ్ళు ఇంకా మట్టిని పట్టుకునే ఉంటాయి, పక్షులు ఎండుకొమ్మల మీదికి వస్తూనే ఉంటాయి. కింది నారు ఒక్కసారిగా పైకి లేస్తుంది. తోపంతా ఒకేసారి చంపరు. కొంత భాగం చేసి, అక్కడ మొలిచిన లాంటానా, కొత్త కర్పూరం పీకి, అది కుదుటపడ్డాక పక్కకు జరుగుతారు. మందు వాడకుండా మొదలంటా నరికితే చాలనుకోవద్దు, పిలకలు వేసి గుబురవుతుంది.

ఇంకో వైపు నుంచి వచ్చే మాట: "పక్షులకు తిండి పెడుతోంది, దాన్నలా వదిలేస్తే అడవి దానంతటదే వస్తుంది." ఇందులో సగం నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. పాత అడవి ముక్క దగ్గరగా ఉంటే నిజంగానే చాలా జాతులు వాటంతటవే చేరతాయి. కానీ పెద్ద గింజల చెట్లు అంత తేలిగ్గా రావు, వాటిని మింగి మోసే పక్షులు తక్కువ. పైగా మీ తోపు కాయలు పక్కవాళ్ళ వాగు గట్టున మొలుస్తూనే ఉంటాయి. వదిలెయ్యడం వేరు, వెంట ఉండి దారి చూపడం వేరు.

విత్తన బంతులు విసిరితే చాలన్నది మన దగ్గరా బాగా తిరిగే నమ్మకమే. కానీ వర్షారణ్యపు చెట్లలో చాలావాటి గింజలు ఎండితే చచ్చిపోతాయి. ఆస్ట్రేలియా చెట్టు ఏదైనా స్థానికమే అనడం పొరపాటు, యూకలిప్టస్ తోటకు, ఈ అడవికి పోలిక లేదు. ఒకే తల్లిచెట్టు గింజలతో వెయ్యి మొక్కలు పెంచడమూ అంతే తప్పు, రేపు వాటి సంతానం బలహీనపడుతుంది.

చెట్టన్నది లేని వట్టి బీడులో మాత్రం నాటాల్సిందే. ముందు కంచె వేసి పశువుల్ని ఆపండి. గడ్డిని లొంగదీయండి. మకరంగా, బ్లీడింగ్ హార్ట్ లాంటి త్వరగా ఎదిగే స్థానిక మొక్కల్ని నిదానంగా పెరిగేవాటితో కలిపి, ఒకటిన్నర రెండు మీటర్ల ఎడంలో వత్తుగా పెట్టండి. కొమ్మలు కలిసి నీడ పడేదాకా కలుపు తీత ఆపొద్దు. నాటిన రోజు ఫొటోకి వచ్చే జనం కన్నా మూడో ఏడు కొడవలి పట్టే ఇద్దరు మనుషులు ఎక్కువ అవసరం.

కర్పూరం తోపున్న భూమి మీదైతే, యంత్రానికి బయానా ఇచ్చే ముందు మొక్కలు గుర్తుపట్టగల స్థానిక ల్యాండ్‌కేర్ (భూసంరక్షణ) సంఘం మనిషిని వెంటబెట్టుకుని చెట్ల కింద తిరగండి. మొలిచి ఉన్న స్థానిక మొక్క ప్రతిదానికీ రంగు రిబ్బను కట్టండి. ఆ రిబ్బన్లన్నీ చూశాక కూడా బుల్డోజర్ కావాలనిపిస్తే అప్పుడు పిలవండి.