వేగము చూపే ముల్లు: దాని జబ్బులు, చికిత్స

పాత మోటారుసైకిలును శ్రద్ధగా బాగుచేయించి రోడ్డు మీదికి తెచ్చినవారికి తరచు ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంజను చక్కగా పనిచేస్తుంది, దీపము వెలుగుతుంది, కాని స్పీడోమీటరు ముల్లు మాత్రము వణుకుతుంది, లేదా సున్న దగ్గరనే నిద్రపోతుంది, లేదా బండి నెమ్మదిగా పోతున్నా 60 చూపుతుంది. వెంటనే మీటరు విప్పబూనడము పొరపాటు. జబ్బు చాలాసార్లు మరొక చోట ఉంటుంది. వైద్యుడు నాడి చూసి రోగమును ఊహించినట్లే, ముల్లు నడకను బట్టి దోషమును కనిపెట్టవచ్చును. అందుకు ముందు ముల్లును తిప్పేది ఏదో తెలియాలి.

చక్రము గాని, గేరుపెట్టె గాని తిప్పే సన్నని ఉక్కు కేబులు ఒక గొట్టములోనుండి మీటరు వరకు వస్తుంది. మీటరులో అది ఒక అయస్కాంతమును తిప్పుతుంది. అయస్కాంతమునకు తగలకుండా, కొద్దిపాటి ఎడముతో, అల్యూమినియము గిన్నె ఒకటి ఉంటుంది. ఆ గిన్నె ఇరుసుకే ముల్లును, వెంట్రుకవంటి సన్నని స్ప్రింగును బిగిస్తారు.

అల్యూమినియమును అయస్కాంతము ఆకర్షించదు గదా! మరి గిన్నె ఎట్లా కదులుతుంది? తిరిగే రాగి పళ్లెము తన పైనున్న అయస్కాంత సూదిని వెంట లాగుకొనిపోతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అరాగో 1824లో గమనించాడు. 1831లో ఫారడే విద్యుత్ ప్రేరణను కనుగొన్న తరువాత దాని కారణము తెలిసింది. అయస్కాంతము, లోహము ఒకదాని దగ్గర మరొకటి కదిలినప్పుడు లోహములో సుడులవలె విద్యుత్ప్రవాహములు పుడతాయి. ఆ ప్రవాహములకు, అయస్కాంతమునకు మధ్య ఏర్పడే బలమే గిన్నెను తిప్పుతుంది. ఈ సూత్రముతో పనిచేసే వేగమాపకమునకు ఒట్టో షుల్ట్‌సె 1902లో జర్మనీలో పేటెంటు పొందాడు.

తరగతిలో దీనిని సులభముగా చూపవచ్చును. పలుచని అల్యూమినియము మూతను నీటిపై తేల్చి, బలమైన గుర్రపునాడా అయస్కాంతమును దారముతో దాని పైన వేలాడదీసి, దారమును మెలిపెట్టి వదలాలి. అయస్కాంతము తాకకపోయినా మూత దాని వెంట తిరుగుతుంది.

వేగము రెట్టింపయితే గిన్నెపై లాగుడు రెట్టింపవుతుంది. ముల్లు తిరిగిన కోణమును బట్టి స్ప్రింగు ఎదురుపట్టు కూడ పెరుగుతుంది. రెండు సమానమయిన చోట ముల్లు నిలుస్తుంది. అయస్కాంతము, గిన్నె, స్ప్రింగు — ఈ మూడింటి పొందికయే మీటరు సత్యము.

ఇక దోషముల సంగతి. ముల్లుతోపాటు దూరము చూపే అంకెలు కూడ ఆగితే కేబులు తెగినదని, లేదా దానిని తిప్పే గేరు అరిగినదని మొదట అనుమానించాలి. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రము కదలకపోతే దోషము మీటరులోనిదే: ఇరుసు పట్టుకొని ఉండవచ్చును, స్ప్రింగు చెడి ఉండవచ్చును.

ముల్లు ఊగుతున్నదంటే చాలాసార్లు కేబులు ఎండిపోయినదన్నమాట, లేదా గొట్టము ఎక్కడో మరీ వంగినదన్నమాట. కేబులు మెలిపడి, ఒక్కసారిగా విడివడుతూ ఉంటుంది. దానిని బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పలుచగా గ్రీజు పూయాలి. కాని మీటరు వైపు కొన్ని అంగుళముల మేర పొడిగా వదలాలి. లేకపోతే గ్రీజు పైకి ప్రాకి గిన్నెకు, అయస్కాంతమునకు మధ్య చేరుతుంది. అప్పుడు గిన్నె జిగటకే తిరిగి, ముల్లు లేని వేగమును చూపుతుంది.

అయస్కాంతము బలహీనపడితే ముల్లు తక్కువ చూపుతుంది. స్ప్రింగు సడలితే ఎక్కువ చూపుతుంది. వేడికి అల్యూమినియము విద్యున్నిరోధము పెరిగి లాగుడు తగ్గుతుంది గనుక, దానిని సరిదిద్దడానికి చాలా మీటర్లలో అయస్కాంతము ప్రక్కన నికెలు-ఇనుము మిశ్రలోహపు ముక్క ఉంచుతారు. పనికిరానిదనుకొని దానిని తీసివేస్తే ఎండకాలములో ఒక లెక్క, చలికాలములో మరొక లెక్క వస్తుంది. ఇవి అనుభవజ్ఞుడు చేయవలసిన మరమ్మతులు.

కొన్ని పాత ఇంగ్లీషు బండ్లలో క్రోనోమెట్రిక్ అనే మరొక జాతి మీటరు ఉన్నది. అందులో గడియారమువంటి యంత్రము నియమిత కాలములో కేబులు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కిస్తుంది. దాని ముల్లు మెట్లు మెట్లుగా గెంతుతుంది. అది దాని స్వభావమేగాని జబ్బు కాదు.

మరమ్మతు అయిన తరువాత పరీక్ష తప్పదు. మొదట మైలురాళ్లతోగాని, కిలోమీటరు రాళ్లతోగాని దూరపు అంకెలను సరిచూడాలి. దూరము, వేగము రెండును ఒకే నిష్పత్తిలో తప్పితే మీటరు బండికి తగినది కాదు, లేదా చక్రము కొలత మారినది. దూరము సరిగా ఉండి వేగమే తప్పితే మీటరును సరిదిద్దాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో నిలకడగా పోయే బండి ఒక కిలోమీటరు దాటడానికి సరిగా 60 సెకనులు పట్టాలి. గడియారము చూడడము వెనుక కూర్చున్నవారి పని; నడిపేవారి చూపు రోడ్డు మీదనే ఉండాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ముల్లు 60 చూపుతూ ఉండగా అసలు వేగము 66 అయితే, తేడా పదింట ఒకవంతే అనిపిస్తుంది. కాని గతిజశక్తి వేగము వర్గమును బట్టి పెరుగుతుంది, 1.1 వర్గము 1.21. అనగా బ్రేకులు అణచవలసిన శక్తి నూటికి 21 వంతులు ఎక్కువ. బండి ఆగడానికి పట్టే దూరము కూడ సుమారు అంతే పెరుగుతుంది. కదలని ముల్లును ఎవరూ నమ్మరు. నిలకడగా అబద్ధము చెప్పే ముల్లే ప్రమాదకరము.