వివక్ష: ఒకే మాట, నాలుగు అర్థాలు

హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి పెడితే అది వివక్ష అని మన వాడల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కానీ యూనివర్సిటీలో అడుగుపెట్టాక ఇదే మాట ఒక్కో డిపార్ట్‌మెంటులో ఒక్కో అర్థంతో ఎదురవుతుంది. పరిశోధక విద్యార్థులుగా మేమూ మొదట్లో ఇక్కడే తడబడ్డాం.

సంస్కృత వ్యాకరణంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక, వక్త ఉద్దేశం. అక్కడ ఈ మాటకూ అన్యాయానికీ సంబంధమే లేదు. పాత వ్యాకరణ గ్రంథంలో ఈ మాట కనబడగానే కులం గురించి రాశారనుకుంటే పొరపాటే.

చట్టంలో వివక్షకు హద్దులున్నాయి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో పౌరుల పట్ల ప్రభుత్వం వివక్ష చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతుంది. దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర అడ్డుకోవడాన్నీ నిషేధిస్తుంది. ఉద్యోగాల విషయం చెప్పే 16వ అధికరణం మాత్రం ప్రభుత్వ కొలువులకే వర్తిస్తుంది. అందుకే లాయరు ముందు అడిగేది ఇది: ఎవరు చేశారు, ఏ కారణంతో, ఏ సెక్షన్ కింద?

అర్థశాస్త్రం తేడాను కొలుస్తుంది. ఒక వర్గం పట్ల యజమానికున్న అయిష్టాన్ని గ్యారీ బెకర్ 1957లో 'అభిరుచి' కింద లెక్కగట్టాడు. మనం అంటరానితనం అనేదానికి అక్కడ ఇంత మెత్తని పేరు! తర్వాత ఎడ్మండ్ ఫెల్ప్స్, కెన్నెత్ యారో మరో రకాన్ని వివరించారు. మనిషి సామర్థ్యం తెలియనప్పుడు, అతని వర్గం గురించిన అంచనాతో అతన్ని తూచడం. దాన్ని గణాంక వివక్ష అంటారు.

ఈ తేడాల వల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ సమాన అర్హతలున్న దరఖాస్తులను, పేర్లు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత ఇంటిపేరు ఉన్నవాటికి పిలుపు వచ్చే అవకాశం తక్కువని 2007లో ప్రచురించారు. అర్థశాస్త్రవేత్తకు అది రుజువు. కానీ ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకు పిలవకపోతే 16వ అధికరణం పట్టుకుని కోర్టుకు వెళ్లలేం. కొలతలో దొరికిన వివక్ష చట్టానికి దొరకలేదన్నమాట.

గణాంకాల్లో ఇంకో చిక్కుంది. 'తేడా గణనీయం కాదు' అంటే తేడా లేదని కాదు. అది కాకతాళీయం కాదని చెప్పడానికి ఉన్న డేటా చాలలేదని మాత్రమే. పదిమంది దళిత విద్యార్థులున్న విభాగంలో మార్కుల తేడా పెద్దదే అయినా ఆ పరీక్షలో నిలవకపోవచ్చు.

కాబట్టి ఏదైనా కమిటీ 'వివక్ష రుజువు కాలేదు' అని రాస్తే, మిత్రులారా, అక్కడితో ఫైలు మూయనివ్వకండి. ఏ అర్థంలో వెతికారు, ఏ కొలతతో వెతికారు, ఎంతమందిని అడిగారు అని రాతపూర్వకంగా అడగండి. మన ఫిర్యాదుల్లోనూ జరిగిన సంఘటన, తేదీ, సాక్షులు, వర్తించే సెక్షన్ విడివిడిగా రాద్దాం. మనకు అనుభవంలో తెలిసిన మాట వాళ్ల భాషలో అర్థం మారి పోగొట్టుకోకుండా చూసుకోవాల్సింది మనమే.