యూకేలో సొంత పార్కింగ్ బేలో కారు పెట్టినా 100 పౌండ్ల నోటీస్.. కట్టాల్సిందేనా? ముందు లీజులో ఏముందో చూడాలి!

నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికొస్తారు. ఫ్లాట్‌తో పాటు ఇచ్చిన పార్కింగ్ బేలోనే కారు పెట్టి పడుకుంటారు. పొద్దున్నే చూస్తే ముందు అద్దం మీద పసుపు రంగు కవర్. లోపల 100 పౌండ్లు కట్టమంటూ ఓ కాగితం. మన లెక్కలో పది వేల రూపాయలకు పైమాటే. ఇంతకీ చేసిన నేరం ఏంటంటే.. పర్మిట్ కార్డు డ్యాష్‌బోర్డు మీద నుంచి జారి సీటు కింద పడటం!

చదువు కోసమో, ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగం కోసమో, ఐటీ ప్రాజెక్టు మీదో ఇంగ్లండ్ వెళ్లి అపార్ట్‌మెంట్లలో అద్దెకుంటున్న తెలుగువాళ్లకు ఇలాంటి కాగితం ఎప్పుడైనా రావొచ్చు. వచ్చినప్పుడు ఎక్కువ మంది చేసేది రెండే పనులు. భయపడి వెంటనే కట్టేయడం, లేదంటే చించి చెత్తబుట్టలో పడేయడం. చాలా సందర్భాల్లో ఈ రెండూ తప్పే. మొదటిదాంతో డబ్బు పోతుంది. రెండోదాంతో అంతకంటే పెద్ద తలనొప్పి మొదలవుతుంది.

అసలు ఆ కాగితం ఏంటి?

బ్రిటన్‌లో పీసీఎన్ అనే మూడక్షరాలతో రెండు రకాల నోటీసులు తిరుగుతుంటాయి. ఒకటి పెనాల్టీ ఛార్జ్ నోటీస్. స్థానిక కౌన్సిల్ లాంటి ప్రభుత్వ సంస్థలు ఇచ్చేది. దానికి చట్టం బలం ఉంటుంది. రెండోది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. ఇది ఓ ప్రైవేట్ కంపెనీ ఇచ్చేది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అదే రంగు, అదే గడులు, అదే బెదిరింపు స్వరం. ఆ పోలిక కాకతాళీయం అనుకోవడం కష్టమే.

కానీ రెండోది జరిమానా కాదు. సింపుల్‌గా చెప్పాలంటే అదో బిల్లు. 'మా బోర్డు మీద షరతులు రాశాం, నువ్వు అక్కడ కారు పెట్టావు అంటే వాటికి ఒప్పుకున్నట్టే, షరతు తప్పావు కాబట్టి డబ్బు కట్టు' అన్నది కంపెనీ వాదన. అంటే ఇది కాంట్రాక్టు వ్యవహారం. కట్టకపోతే పోలీసులు రారు, క్రిమినల్ రికార్డు ఉండదు. డబ్బు కావాలంటే కంపెనీ సివిల్ కోర్టుకు వెళ్లి, ఒప్పందం ఉందని నిరూపించుకోవాల్సిందే.

ఈ కంపెనీలు పాటించాల్సిన నియమావళి ప్రకారం ఛార్జీ మామూలుగా 100 పౌండ్లు దాటకూడదు. 14 రోజుల్లోపు కడితే 40 శాతం తగ్గింపు. అంటే 60 పౌండ్లు. ఆ తగ్గింపే అసలు ఎర. 'పోనీలే 60తో పోతుంది కదా' అనిపిస్తుంది. అలా అనిపించడం కోసమే అది ఉంది.

ముందు వచ్చింది ఎవరు? ఇల్లా, బోర్డా?

షాపింగ్ సెంటర్‌లో కారు పెట్టేవాళ్లకు అక్కడ ముందు నుంచి ఏ హక్కూ ఉండదు. బోర్డు చూసి లోపలికి వస్తారు, అంతే. అపార్ట్‌మెంట్‌లో పరిస్థితి అది కాదు. ఫ్లాట్ ఓనర్‌కు లీజ్ ఉంటుంది. అందులో ఫలానా నంబర్ బే మీద హక్కు రాసి ఉండొచ్చు. ఆ ఓనర్ ఇల్లు అద్దెకిస్తే టెనెన్సీ అగ్రిమెంట్ ద్వారా ఆ హక్కు అద్దెకున్నవాళ్లకు చేరుతుంది. ఆ తర్వాత ఎప్పుడో మేనేజింగ్ ఏజెంట్ 'బయటి కార్లు వచ్చి పెడుతున్నాయి' అని ఓ పార్కింగ్ కంపెనీని పిలుస్తాడు. వాళ్లొచ్చి గోడకు బోర్డు కొడతారు. పర్మిట్ లేకపోతే 100 పౌండ్లు అంటారు. బయటివాళ్లను ఆపడానికి పెట్టిన పద్ధతి చివరికి లోపలివాళ్ల మీదే పడుతుంది. మన దగ్గర అయితే వాచ్‌మన్‌తో ఓ మాట, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఓ పంచాయితీతో తేలిపోయే గొడవ ఇది. అక్కడ మాత్రం కోర్టు నోటీసు దాకా వెళ్తుంది.

ఇక్కడే అసలు ప్రశ్న. అప్పటికే లీజులో ఉన్న హక్కును గోడ మీద కొత్తగా వచ్చిన బోర్డు మార్చేయగలదా?

ఈ ప్రశ్నకు 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో వచ్చిన తీర్పు చాలా ముఖ్యమైనది. కేసు పేరు జాప్సన్ వర్సెస్ హోంగార్డ్ సర్వీసెస్. ఓ ఫ్లాట్‌లో ఉంటున్న మహిళ, ఇంట్లోకి ఓ డెస్క్ చేర్చడానికి బిల్డింగ్ ప్రవేశ ద్వారం దగ్గర కాసేపు కారు ఆపారు. దించుకుని వచ్చేలోపే కారు మీద నోటీసు పడింది. కింది స్థాయిలో ఆమె ఓడిపోయారు. వదల్లేదు, అప్పీల్‌కు వెళ్లారు. జడ్జి చార్లెస్ హారిస్ ఆ తీర్పును తిప్పేశారు.

ఆయన తేల్చిన విషయాలు రెండు. ఒకటి, బిల్డింగ్‌లోకి వచ్చిపోయే హక్కు లీజు ద్వారా ఆమెకు ముందే ఉంది. మేనేజ్‌మెంట్ ఏకపక్షంగా పార్కింగ్ కంపెనీని తెచ్చి దాన్ని లాగేసుకోలేదు. రెండు, కారు ఆపడం వేరు, పార్క్ చేయడం వేరు. సామాన్లు దించుకోవడానికో, మనుషుల్ని దించడానికో కాసేపు ఆగితే దాన్ని పార్కింగ్ అనలేం. అలా ఆగిన ప్రతి బండికీ బిల్లు వేస్తే ఫ్లాట్లలో బతకడమే కుదరదన్నది జడ్జి ఆలోచన. డెలివరీ వ్యాన్లు, ఇల్లు మారేవాళ్ల ట్రక్కులు, చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు.. వీళ్లందరి పరిస్థితి ఏంటి?

ఇది కౌంటీ కోర్టు అప్పీల్ తీర్పు. అన్ని కోర్టులూ దీన్ని కచ్చితంగా పాటించి తీరాలని రూల్ లేదు. అయినా చిన్న కేసులు వినే జడ్జిల ముందు దీనికి మంచి విలువే ఉంది. నివాస స్థలాల్లో పడ్డ నోటీసుల మీద పోరాడేవాళ్లు మొదట తీసే కాగితం ఇదే.

లీజును మార్చాలంటే దానికంటూ పద్ధతి ఉంది. 1987 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 37 కింద ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. ఎనిమిది లీజుల కంటే ఎక్కువ ఉంటే కనీసం 75 శాతం మంది ఒప్పుకోవాలి, వ్యతిరేకించేవాళ్లు 10 శాతం మించకూడదు. అందరి లెటర్ బాక్సుల్లో ఓ పాంప్లెట్ వేసి 'వచ్చే సోమవారం నుంచి పర్మిట్ తప్పనిసరి' అంటే లీజు మారిపోయినట్టు కాదు.

కంపెనీలు చూపించే తీర్పు వేరే ఉంది

నోటీసుకు ఎదురు తిరిగితే కంపెనీ నుంచి వచ్చే జవాబులో తరచూ కనిపించే పేరు పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్. 2015 నవంబర్‌లో యూకే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఓ రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం. ఓ వ్యక్తి దాదాపు మూడు గంటలు ఉన్నారు. 85 పౌండ్ల ఛార్జీ చెల్లుతుందని కోర్టు తేల్చింది. ప్రైవేట్ ఛార్జీలు ఉత్త బెదిరింపులే అనే ధీమాకు ఆ రోజుతో కాలం చెల్లింది.

అయితే ఆ తీర్పు నిలబడింది ఎందుకో చూడాలి. షాపులకు వచ్చే కస్టమర్లందరికీ చోటు దొరకాలంటే కార్లు కదులుతూ ఉండాలి, అందుకోసం ఛార్జీ పెట్టడంలో న్యాయమైన ప్రయోజనం ఉందని కోర్టు చెప్పింది. బోర్డులు పెద్దగా, స్పష్టంగా ఉన్నాయని కూడా గమనించింది. మరి 14వ నంబర్ ఫ్లాట్ వాళ్లకే రాసిచ్చిన 14వ నంబర్ బేలో, ఆ ఫ్లాట్ వాళ్ల కారే ఉంటే.. అక్కడ కదలాల్సింది ఎవరి కోసం? అప్పీల్‌లో అడగాల్సిన ప్రశ్న ఇదే.

అలాగని ప్రతి కేసూ గెలిచేస్తారని కాదు. లీజులో పార్కింగ్ గురించి ఒక్క ముక్కా లేకపోతే, లేదా 'యాజమాన్యం ఎప్పటికప్పుడు పెట్టే నిబంధనలకు లోబడి' అనే వాక్యం ఉంటే వాదన బలహీనపడుతుంది. టెనెన్సీ అగ్రిమెంట్‌లోనే 'పర్మిట్ తప్పనిసరిగా కనిపించేలా పెట్టాలి' అని ఉండి, దాని మీద సంతకం పెట్టేసి ఉంటే ఇంకా కష్టం. పక్కవాళ్ల బేలోనో, విజిటర్స్ బేలోనో పెట్టి లీజు పేరు చెప్తే ఎవరూ వినరు. అందుకే ముందు చదవాల్సింది గోడ మీద బోర్డు కాదు, ఇంట్లో ఫైల్లో ఉన్న అగ్రిమెంట్. ఓనర్ దగ్గరున్న లీజు కాపీ కూడా అడిగి తీసుకోవాలి. ఓనర్ ఇవ్వనంటే ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి కొద్దిపాటి ఫీజుతో తెచ్చుకునే వీలుంటుంది.

డ్రైవర్ ఎవరో చెప్పాలా?

బోర్డు ద్వారా ఒప్పందం కుదిరిందంటే అది కారు పెట్టిన మనిషితో. కానీ కంపెనీకి ఆ మనిషి ఎవరో తెలియదు. తెలిసేది నంబర్ ప్లేటే. దాంతో డీవీఎల్‌ఏకు, అంటే అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థకు 2.50 పౌండ్లు కట్టి, బండి ఎవరి పేరున ఉందో ఆ 'రిజిస్టర్డ్ కీపర్' అడ్రస్ తీసుకుంటుంది. గుర్తింపు పొందిన ట్రేడ్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఉన్న కంపెనీలకే ఆ వివరాలు దొరుకుతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం, 2012 ప్రకారం కీపర్ నుంచి కూడా వసూలు చేయొచ్చు. (ప్రైవేట్ స్థలాల్లో చక్రాలకు తాళాలు వేయడాన్ని అక్కడ నిషేధించింది కూడా ఈ చట్టమే.) కాకపోతే కంపెనీ గడువులు పాటించాలి. కారు మీద నోటీసు పెట్టకుండా కెమెరాతో పట్టుకుంటే, ఆ మర్నాటి నుంచి 14 రోజుల్లోపు కీపర్‌కు లెటర్ చేరాలి. మార్చి 1 సంఘటన అయితే మార్చి 15లోపు అన్నమాట. అద్దం మీద నోటీసు పెట్టి ఉంటే, 28 రోజులు ఆగి, ఆ తర్వాతి 28 రోజుల్లోపు లెటర్ ఇవ్వాలి. ఇది తప్పితే కీపర్ బాధ్యత పోతుంది, డ్రైవర్ బాధ్యత మాత్రమే మిగులుతుంది.

అందుకే అప్పీల్‌లో 'నేను అక్కడ కారు పెట్టాను' అని రాయాల్సిన పని లేదు. 'ఈ వాహనం కీపర్‌గా రాస్తున్నాను' అంటే సరిపోతుంది. ఇది అబద్ధం చెప్పడం కాదు. అబద్ధం మాత్రం చెప్పకూడదు. కోర్టు దాకా వెళ్తే అది మెడకు చుట్టుకుంటుంది.

ఎవరికి, ఎలా రాయాలి?

అన్నిటికంటే దగ్గరి దారి పార్కింగ్ కంపెనీ కాదు, దాన్ని పిలిచిన మేనేజింగ్ ఏజెంట్. 'మీ కంపెనీ నా లీజు హక్కుకు అడ్డొస్తోంది, ఈ నోటీసు రద్దు చేయించండి' అని ఈమెయిల్ పెట్టాలి, ఓనర్‌తోనూ పెట్టించాలి. వాళ్లు చెప్తే అక్కడితో ఆగిపోయే నోటీసులు ఉంటాయి.

అదే సమయంలో కంపెనీకి 28 రోజుల్లోపు అప్పీల్ పంపాలి. లీజులోని ఆ పేరా, బే ఫొటో, బోర్డు ఫొటో జతచేయాలి. ఈ స్థలంలో ఛార్జీలు వేసే అధికారం రాతపూర్వకంగా ఉందా, చూపించండి అని అడగాలి. తిరస్కరిస్తే బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్య కంపెనీ అయితే పాప్లా అనే స్వతంత్ర సంస్థకు 28 రోజుల్లో వెళ్లొచ్చు. ఫీజు లేదు. అక్కడ గెలిస్తే కంపెనీ కట్టుబడాలి. ఓడినా కారు వైపు వాళ్లు కోర్టులో మళ్లీ వాదించుకోవచ్చు. అయితే అక్కడిదాకా వెళ్తే 60 పౌండ్ల ఆఫర్ పోతుందని గుర్తుంచుకోవాలి. రెండో అసోసియేషన్ ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ. దాని సభ్య కంపెనీ అయితే అప్పీల్ ఐఏఎస్‌కు వెళ్తుంది. డ్రైవర్ల పక్షాన మాట్లాడేవాళ్లు దీని మీద పెద్దగా నమ్మకం చూపించరు.

అసలు ప్రమాదం పాత అడ్రస్‌లో

అప్పీళ్లు అయిపోయాక డెట్ కలెక్షన్ సంస్థల నుంచి ఎర్ర అక్షరాల లెటర్లు మొదలవుతాయి. 100 కాస్తా 170 అవుతుంది. వీళ్లకు ఇంట్లోకి వచ్చి సామాను తీసుకెళ్లే అధికారం లేదు. ఈ లెటర్లకు బెదరక్కర్లేదు.

అయితే 'లెటర్ బిఫోర్ క్లెయిమ్' అనేది వస్తే మాత్రం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత కోర్టు క్లెయిమ్ ఫామ్ వస్తే 14 రోజుల్లో అందినట్టు తెలపాలి. అలా తెలిపితే డిఫెన్స్ వేయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. కోర్టు ఫీజు, లాయర్ ఖర్చు కలిపి అప్పటికి మొత్తం 250 పౌండ్లు దాటుతుంది. అయినా ఇది స్మాల్ క్లెయిమ్స్ కేసు. ఓడినా అవతలి లాయర్ల భారీ బిల్లులు నెత్తిన పడవు.

జవాబే ఇవ్వకపోతే? కంపెనీ వాదన ఎవరూ పరిశీలించకుండానే తీర్పు వచ్చేస్తుంది. దాన్ని సీసీజే అంటారు. నెలలోపు పూర్తిగా కడితే రికార్డు నుంచి తీసేస్తారు. లేదంటే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకు కావాలన్నా, మార్టగేజ్ కావాలన్నా అది అడ్డు. అంతేకాదు, యూకే వీసా దరఖాస్తులో అప్పు చెల్లించని కోర్టు తీర్పులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. పర్మిట్ కార్డు సీటు కింద పడిన పాపానికి ఆ గడిలో 'ఎస్' పెట్టాల్సి రావడం ఎవరికి ఇష్టం?

తెలుగు కుర్రాళ్లు ఎక్కువగా ఇరుక్కునే అవకాశం ఉన్నది ఇక్కడే. యూనివర్సిటీ ఊరిలో కారు కొంటారు. ఉద్యోగం వచ్చి ఇంకో ఊరు మారతారు. వీ5సీ, అంటే మన ఆర్‌సీ లాంటి కాగితంలో పాత అడ్రస్సే ఉండిపోతుంది. నోటీసు, క్లెయిమ్ ఫామ్, తీర్పు అన్నీ ఆ పాత ఇంటి లెటర్ బాక్సులోకే వెళ్తాయి. క్రెడిట్ కార్డు రిజెక్ట్ అయ్యాకే విషయం బయటపడుతుంది. ఆ తీర్పును పక్కన పెట్టమని కోర్టుకు దరఖాస్తు చేయాలంటే దానికే 300 పౌండ్లకు పైగా ఫీజు. డీవీఎల్‌ఏలో అడ్రస్ మార్చుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. మార్చకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా. ఇది మాత్రం నిజం జరిమానాయే. అప్పటికే నోటీసు మీద గొడవ నడుస్తుంటే ఆ పార్కింగ్ కంపెనీకి కూడా కొత్త అడ్రస్ ఈమెయిల్‌లో పంపి, కాపీ దాచుకోవాలి.