టోర్టుగేరో తీరంలో తాబేళ్ల లెక్క: వలంటీర్లు నిజంగా చేసే పని ఏమిటి?

అర్ధరాత్రి దాటింది. సన్నగా వాన పడుతోంది. నల్లటి ఇసుక మీద ఒక అమ్మాయి బోర్లా పడుకుని, మోచేతి దాకా గుంతలోకి చెయ్యి పెట్టి ఉంది. ఆ చేతికి గ్లౌజు. రెండో చేతిలో, బొత్తాం నొక్కితే ఒక్కో అంకె పెరిగే చిన్న కౌంటర్. ఆమె ముందు మీటరు పొడవున్న సముద్ర తాబేలు గుడ్లు పెడుతోంది. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు రెండేసి, మూడేసి ఆమె చేతి మీదుగా గుంతలోకి జారుతున్నాయి. గుడ్డుకో నొక్కు. తాబేలు పని ముగించేసరికి కౌంటర్ వంద దాటుతుంది. పక్కనున్న మనిషి ఆ సంఖ్యను పుస్తకంలో రాసుకుంటాడు. ఫొటో దిగడం లేదు. తాబేలును నిమరడం లేదు. తెల్లటి టార్చి వెలగదు.

కోస్టారికా దేశపు కరీబియన్ తీరంలో ఉన్న టోర్టుగేరోలో జూలై నుంచి అక్టోబరు దాకా ఇదే రాత్రిపూట పని. వివిధ దేశాల నుంచి వలంటీర్లు సొంత ఖర్చుతో వచ్చి, బసకూ భోజనానికీ ఎదురు డబ్బు కట్టి మరీ ఈ పని చేస్తారు. అడవి జంతువుల మధ్య కొన్ని వారాలు గడిపి రావాలన్న కోరిక మన యువతలోనూ చాలామందికి ఉంది. అలా వెళ్లినవారి వల్ల ఆ జంతువుకు నిజంగా మేలు జరుగుతుందా? ఏడు దశాబ్దాల టోర్టుగేరో అనుభవం ఈ ప్రశ్నకు చాలావరకు స్పష్టమైన జవాబే ఇస్తుంది.

పశువుల చెవి ట్యాగుతో మొదలు

టోర్టుగేరో చేరడానికి రోడ్డు లేదు. కాలువల గుండా పడవలో వెళ్లాలి, లేదంటే చిన్న విమానం ఎక్కాలి. ఒకవైపు సముద్రం, మరోవైపు వర్షారణ్యం, మధ్యలో సన్నని ఇసుక పట్టీ మీద ఊరు. ఏడాదికి సుమారు 5,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. దాదాపు 35 కిలోమీటర్ల పొడవున్న ఇక్కడి తీరం, పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లలో అట్లాంటిక్ ప్రాంతంలోనే అతి పెద్దది.

1950లలో ఈ తీరంలో రాత్రిపూట కాపు కాసింది వేటగాళ్లే. ఒడ్డుకొచ్చిన తాబేలును వెల్లకిలా తిప్పేస్తే ఇక కదల్లేదు. తెల్లారాక పడవలకెక్కించేవారు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రజ్ఞుడు ఆర్చీ కార్ ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చాడు. ఈ తాబేళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, గుడ్లు పెట్టాక ఎక్కడికి పోతాయి అన్నవి ఆయన ప్రశ్నలు. 1955లో తాబేళ్లకు గుర్తులు వేయడం మొదలైంది. తొలుత చిప్ప అంచుకు తీగతో బిళ్లలు కట్టి చూస్తే అవి నిలవలేదు. ఆ తర్వాత పశువుల చెవులకు వేసే లోహపు ట్యాగులను తాబేలు ముందరి తెడ్డుకాళ్లకు వేశారు. ట్యాగు మీద ఒక సంఖ్య, తిరిగి పంపాల్సిన చిరునామా, పంపితే బహుమతి ఇస్తామన్న మాట. అంతే.

ఆ చిన్న లోహపు ముక్కలే సముద్రంలోని దారిని చూపించాయి. ట్యాగుల్లో ఎక్కువ భాగం పొరుగు దేశమైన నికరాగ్వా తీరం నుంచి తిరిగొచ్చాయి. అక్కడి సముద్రపు గడ్డి మైదానాలే ఈ తాబేళ్ల మేత భూములు. అక్కడి తీరవాసులకు తాబేలు మాంసం తరతరాల ఆహారం. ఒక దేశం తన తీరాన్ని ఎంత కాపాడుకున్నా, తాబేలు బతుకు పక్క దేశపు నీళ్లతో ముడిపడి ఉందని అప్పుడు తేలింది. 1959లో ఈ పని కోసం ఏర్పడిన సంస్థే నేటి సీ టర్టిల్ కన్సర్వెన్సీ. 1975లో టోర్టుగేరో జాతీయ పార్కు అయింది.

ఎర్ర దీపం ఎందుకు?

వలంటీరుకు మొదట నేర్పేది చీకట్లో నడవడం. నల్లటి దుస్తులు వేసుకోవాలి. రాత్రి పని రెండు షిఫ్టుల్లో సాగుతుంది. ఒకటి అర్ధరాత్రికి ముగిస్తే, రెండోది అప్పుడు మొదలవుతుంది. దీపం తప్పనిసరైతే ఎర్రటిదే, అదీ కాసేపే.

ఇందులో భౌతికశాస్త్రం ఉంది. సముద్ర తాబేలు కన్ను నీలి, ఆకుపచ్చ కాంతిని బాగా పట్టుకుంటుంది. ఎరుపు వైపు తరంగదైర్ఘ్యాలు దానికి అంతగా కనిపించవు. 1992లో వెలువడిన ఒక అధ్యయనం కోసం టోర్టుగేరో తీరంలోనే ప్రయోగం చేశారు. తెల్లటి పాదరస ఆవిరి దీపాలు వెలిగించిన చోట ఒడ్డుకొచ్చే తాబేళ్లు బాగా తగ్గిపోయాయి. పసుపు రంగు సోడియం దీపాల దగ్గర పెద్దగా తేడా కనిపించలేదు.

పిల్లల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. రాత్రి గూటి నుంచి బయటపడిన పిల్ల, వెలుతురు ఎక్కువగా ఉన్న దిగంతం వైపు పాకుతుంది. దీపాలు లేని తీరంలో అది సముద్రమే. ఒక హోటలు దీపమో, ఒక ఫోను ఫ్లాషో ఆ లెక్కను తారుమారు చేయగలదు. అందుకే పర్యాటకులకు ఈ తీరంలో రాత్రిపూట అనుమతి పొందిన గైడు వెంట చిన్న గుంపులుగానే ప్రవేశం. కెమెరాలు నిషేధం.

వలంటీర్లు తాబేలు దగ్గరకు వెళ్లడానికీ ఒక సమయం ఉంది. ఒడ్డుకు వస్తున్నప్పుడో, గుంత తవ్వుతున్నప్పుడో అలికిడైతే అది వెనక్కి పోతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక మాత్రం చుట్టుపక్కల ఏం జరిగినా పెద్దగా పట్టించుకోదు. లెక్కపెట్టడం అప్పుడే. ట్యాగు వేయడం, చిప్ప కొలవడం గుడ్లు పెట్టడం ముగిశాకే. ట్యాగు అప్పటికే ఉంటే ఆ సంఖ్య మరింత విలువైనది. ఆ తాబేలు ఎన్నేళ్లకు తిరిగొచ్చిందో చెప్పేది అదే.

థర్మోకోల్ పెట్టెల పాఠం

మంచి మనసుతో చేసిన పని కూడా ఎలా ఎదురు తిరుగుతుందో టోర్టుగేరోలో జరిగిన మరో పరిశోధన చూపించింది.

ఒకప్పుడు చాలా దేశాల్లో తాబేలు గుడ్లను దొంగల నుంచీ జంతువుల నుంచీ కాపాడాలని వాటిని తవ్వి తీసి, థర్మోకోల్ పెట్టెల్లో పొదిగించేవారు. పిల్లలు బాగానే పుట్టేవి. వాటిని సముద్రంలో వదిలి అందరూ సంతోషించేవారు. అయితే సముద్ర తాబేళ్లలో ఆడా మగా అన్నది క్రోమోజోములను బట్టి నిర్ణయం కాదు. గుడ్డు పొదిగే కాలం మధ్య భాగంలో ఉన్న ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. సుమారు 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ పుడతాయి. అంతకన్నా చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు.

గూడు ఉండేది అర మీటరుకు పైగా లోతులో. పైన ఇసుక పగలు కాలు పెట్టలేనంత కాలినా, రాత్రి చల్లబడినా, ఆ లోతుకు చేరేసరికి హెచ్చుతగ్గులు దాదాపు చదునైపోతాయి. పైగా పెరుగుతున్న వందకు పైగా పిండాలు తామూ కొంత వేడి పుట్టిస్తాయి. నేల మీద పెట్టిన థర్మోకోల్ పెట్టె ఇంత వెచ్చగా ఉండదు. 1982లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది ఇదే: ఆ పెట్టెలు మగపిల్లలను పెంచి, ఆడవాటిని తగ్గిస్తున్నాయి. అంటే జాతిని కాపాడుతున్నామనుకుంటూ, గుడ్లు పెట్టాల్సిన తరాన్నే తగ్గించారు.

ఇప్పుడు ప్రమాదం అటు నుంచి ఇటు మారింది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లలో, ఇంకా ఎదగని పిల్లల్లో 99 శాతం ఆడవేనని 2018లో బయటపడింది. టోర్టుగేరో ఇసుక నల్లనిది, కాబట్టి ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది. చెట్ల నీడన ఉన్న గూళ్లు, ఆరుబయట ఉన్న గూళ్లు ఇక్కడ వేర్వేరు నిష్పత్తిలో పిల్లలనిస్తాయి. తీరం అంచున ఒక చెట్టు కొట్టేస్తే పోయేది నీడ మాత్రమే కాదు.

ఒక్క ఏడాది లెక్క చాలదు

తెల్లవారాక మరో పని. ఇసుక మీది జాడలు లెక్కపెట్టాలి. పచ్చ తాబేలు రెండు ముందరి కాళ్లనూ ఒకేసారి వేసి దేహాన్ని లాగుతుంది కాబట్టి జాడ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గుడ్లు పెట్టకుండానే తిరిగిపోయిన జాడలు వేరుగా కనిపిస్తాయి. జాగ్వార్ తిని వదిలిన తాబేళ్లూ లెక్కలోకి వస్తాయి. రాత్రంతా నిద్రలేక, దోమలకు ఒళ్లప్పగించి నడిచిన వలంటీరుకు ఈ పని చప్పగా అనిపించవచ్చు. కానీ అసలైన ఫలితం ఇక్కడే ఉంది.

ఆడ తాబేలు ప్రతి ఏటా రాదు. రెండు మూడేళ్లకోసారి వస్తుంది. వచ్చిన సీజన్‌లో సుమారు 12 రోజుల ఎడంతో పలుసార్లు గుడ్లు పెడుతుంది. అందుకే ఒక ఏడాది తీరం నిండిపోవచ్చు, మరుసటి ఏడాది వెలవెలబోవచ్చు. పైగా పిల్ల పెరిగి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. నేడు వచ్చే తాబేలు పాతికేళ్ల కిందటి రక్షణ ఫలితం. నేటి తప్పు ఫలితం మరో పాతికేళ్లకు గానీ తెలియదు.

1971 నుంచి 2003 దాకా చేసిన జాడల లెక్కలను కలిపి చూస్తే, టోర్టుగేరోలో గుడ్లు పెట్టడం 417 శాతం పెరిగినట్లు అంచనా. ప్రపంచంలో సముద్ర తాబేళ్ల రక్షణకు దీన్ని గొప్ప విజయంగా చెప్పుకున్నారు. కానీ లెక్క అక్కడితో ఆపలేదు. ఇటీవలి విశ్లేషణలు ఆ పెరుగుదల ఆగి, సంఖ్య మళ్లీ తగ్గుతోందని చెబుతున్నాయి. తీరంలో తిరిగే పర్యాటకుడికి ఈ తగ్గుదల కనిపించదు. ఏ రాత్రి చూసినా తాబేళ్లు వస్తూనే ఉంటాయి. విజయం వచ్చాక కూడా ఏటా అవే మైళ్లు నడిచినవారు ఉండబట్టే ప్రమాదం పసిగట్టగలిగారు.

మన తీరంలో

ఈ పని కోసం కోస్టారికా దాకానే పోనక్కర్లేదు. చెన్నైలో సముద్ర తాబేళ్ల కోసం రాత్రి నడకలు 1970లలోనే మొదలయ్యాయి. 1988 నుంచి విద్యార్థుల బృందం ఒకటి అక్కడ ఆ పనిని కొనసాగిస్తోంది. భారత తీరాలను, దీవులను సర్వే చేసిన సతీష్ భాస్కర్ 1982లో పచ్చ తాబేళ్ల కోసం లక్షద్వీప్‌లోని ఒక నిర్జన దీవిలో వానాకాలమంతా ఒంటరిగా గడిపాడు.

ఆంధ్రప్రదేశ్ తీరంలో శీతాకాలం చివరి నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తినెయ్యకుండా గుడ్లను కంచె వేసిన హ్యాచరీలకు తరలిస్తారు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోపే, కుదుపు లేకుండా ఈ పని జరగాలి. ఆలస్యమైతే లోపల అతుక్కున్న పిండం కదిలి చనిపోవచ్చు. హ్యాచరీ ఎంత నీడలో ఉంది, గూడు ఎంత లోతు తవ్వారు అన్న ప్రశ్నల్లో థర్మోకోల్ పెట్టెల పాఠం ఇక్కడా వర్తిస్తుంది. ఈ తాబేళ్లకు వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యున్నత రక్షణ కల్పిస్తుంది. కాబట్టి తీరంలో గుడ్లు కనిపిస్తే ఎవరికి వారు తవ్వి తియ్యకూడదు. అటవీ శాఖకు చెప్పాలి.

దేశంలోనైనా విదేశంలోనైనా, వలంటీరుగా వెళ్లేముందు నిర్వాహకులను కొన్ని ప్రశ్నలు అడగడం మంచిది. ప్రభుత్వ అనుమతి ఉందా? సేకరించిన లెక్కలు ఎవరికి చేరతాయి, ఎక్కడ ప్రచురితమవుతాయి? స్థానికులకు ఇందులో పనీ ఆదాయమూ ఉన్నాయా? జంతువును ఎప్పుడు తాకవచ్చు, ఎందుకు? పిల్ల జంతువును ఎత్తుకుని ఫొటో దిగడమే ప్రధాన ఆకర్షణగా చూపించే చోట ఈ ప్రశ్నలకు జవాబులు దొరకడం కష్టం.

టోర్టుగేరోలో వాన వెలిసింది. తాబేలు గుంతను ఇసుకతో కప్పేసి, బరువుగా సముద్రం వైపు కదిలింది. లెక్కపెట్టిన అమ్మాయి పక్కకు తప్పుకుని, అది నీళ్లలో కలిసేదాకా కదలకుండా నిలబడింది. గూటిలోని పిల్లలు బయటికొచ్చేది సుమారు రెండు నెలలకు. అప్పటికి ఆమె తన దేశం చేరి ఉంటుంది. పుస్తకంలోని ఆమె సంఖ్యతో, ఎన్ని గుడ్లు పొదిగాయో మరొకరు పోల్చి చూస్తారు.