చీమలను పోలిన కందిరీగలు

కందిరీగ యనగానే మనకు రెక్కలును, ముల్లును స్ఫురించును. కాని ఇతర కీటకములను తిని పెరుగు పరాన్నజీవులైన కందిరీగలలో రెక్కలు బొత్తిగా లేనివియు, పొట్టి రెక్కలు మాత్రమే గలవియు పెక్కు కలవు. నేలపై పరుగెత్తు వీనిని చూచి మనము చీమలని భ్రమించి కాలితో రాచివేయుదుము. వీనిలో కొన్ని మన వరిచేలకు కావలి కాయునవి. కావున వీనిని గుర్తించు విధమును సంగ్రహముగా వివరింతుము.

మొదట నడుమును చూడవలెను. చీమ నడుముపై ఒకటిగాని, రెండుగాని కణుపులు పైకి పొడుచుకొని యుండును. కందిరీగ నడుము ఎంత సన్ననిదైనను అట్టి కణుపు సాధారణముగా ఉండదు. తరువాత స్పర్శశృంగములను, అనగా తలపైనున్న మీసములను, పరిశీలింపవలెను. చీమ మీసములో మొదటి ఖండము పొడవుగా నుండి, తక్కిన భాగము మోచేతివలె వంగును. అయితే ఇట్టి వంపు కొన్ని చిన్న కందిరీగలకును గలదు. కనుక మీసము నొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు.

రెక్కలు లేకుండుటను మాత్రమే గుర్తుగా గొన్నను చిక్కే. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో ముటిల్లా అను ప్రజాతిని ఏర్పరచి, రెక్కలు లేని మరియొక చిన్న కందిరీగను కూడ అందులోనే చేర్చెను. అది నేడు గెలిస్ అను ప్రజాతిలో, వేరొక కుటుంబములో నున్నది. ముటిల్లా కుటుంబపు ఆడుపురుగు ఒడలిపై మఖ్మలు వంటి నూగు ఉండును. దాని ఉరములోని ఫలకములు ఒకటిగా అతుకుకొని పెట్టెవలె నుండును. మీసమున 12 ఖండములుండును. ముల్లు కడుపులో దాగియుండును. అది గ్రుచ్చినచో మిక్కిలి బాధ కలుగును గనుక వట్టిచేతితో పట్టరాదు. గెలిస్ మీసమో, దారమువలె సాగి, అంతకంటె ఎక్కువ ఖండములు గలది. ఆడుదానికి గ్రుడ్లు పెట్టు గొట్టము తోకవలె వెలుపలికి కనబడును. ముటిల్లా కుటుంబములో మగవానికి సాధారణముగా రెక్కలుండును. అందుచే ఒకే జాతిలోని ఆడుమగలకు వేరువేరు పేర్లు పెట్టిన సందర్భములు శాస్త్రములో ఎన్నియో కలవు.

రెక్కలు లేనిదాని ఉరము చిన్నదగుటకు కారణము సులభము. రెక్కలను ఆడించు కండలు ఉరములోనే యుండును. ఎగురు పని లేనిచో ఆ కండలకు చోటు అక్కరలేదు. మట్టి సందులలోను, కొయ్య తొలుపులలోను, గడ్డి మొదళ్ళలోను దూరి వెదకు పురుగునకు రెక్కలు అడ్డమే యగును.

ఇక మన వరిచేలకు వత్తము. గొనాటోపస్ అను ప్రజాతికి చెందిన ఆడుపురుగు అచ్చముగా చీమయే అనిపించును. దాని ముందుకాళ్ళను భూతద్దముతో చూచినచో సంశయము తీరును. పాదపు చివరి ఖండమును, పెద్దదైన గోరును కలిసి పట్టకారుగా ఏర్పడియుండును. దానితో అది సుడిదోమను పట్టుకొని, కొన్నిటిని తినివేయును. కొన్నిటిలో గ్రుడ్డు పెట్టి విడిచిపెట్టును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్లపురుగు పెరుగుకొలది దోమ కడుపు ప్రక్కన చిన్న సంచివంటి బుడిపె వెలువడును. దుబ్బు మొదట అట్టి సంచి మోయు దోమలు కనబడినచో ఈ మిత్రుడు అక్కడ నున్నట్లే.

పొట్టి రెక్కల వానిని చూచి, ఇంకను ఎదుగని పిల్ల యని పొరబడరాదు. మిడుత పిల్లకు రెక్కల మొలకలు పైకి కనబడును గాని, కందిరీగ పిల్లదశలో కాళ్ళులేని పురుగు. గూటిదశ దాటి వెలువడునపుడే రెక్కలు కానవచ్చును. పొట్టి రెక్కలతో తిరుగు కందిరీగ పూర్తిగా ఎదిగినదే. యూపెల్మస్ ప్రజాతిలో ఇట్టి ఆడుపురుగులు కొన్ని కలవు. అవి నడిమికాళ్ళ బలముతో ఎగిరి దుముకును. చచ్చిన తరువాత తలయు, తోకయు వీపు మీదికి వంగును.

నడుము, మీసము, ఉరము, ముందుకాలు—ఈ నాలుగింటిని వరుసగా చూచిన పిదపనే పేరు నిర్ణయింపవలెను. సుడిదోమపై మందు చల్లునపుడు దోమతోపాటు దాని శత్రువులును నశించును. అటుపిమ్మట దోమ మరల విజృంభించుట కలదు. కావున చల్లుటకు ముందు దుబ్బు మొదళ్ళను ఒకమారు వంగి చూడుడు. అచట పరుగెత్తునదెల్ల చీమ కాకపోవచ్చును.